పరీక్ష పేపర్లోంచి మాటలు తీసేస్తే పిల్లలకి మేలు జరుగుతుందా?

2012 మార్చిలో న్యూయార్క్ సిటీ స్కూళ్ల డిపార్ట్‌మెంట్ పిల్లలకి పెట్టే టెస్టులు కొత్తగా తయారు చేయించుకోడానికి కంపెనీల నుంచి టెండర్లు పిలిచింది. ఆ టెండర్ కాగితాల్లోనే ఒక లిస్టు పెట్టారు, ఈ విషయాలు ప్రశ్నల్లో గానీ చదవమని ఇచ్చే పాసేజీల్లో గానీ రాకుండా చూసుకోండి అని, మొత్తం యాభై దాకా ఉన్నాయి. యుద్ధం, తుపాకులు, సెక్స్, డ్రగ్స్, టెర్రరిజం లాంటివి వద్దన్నారంటే ఎవరైనా సరే అనే అంటారు, చిన్నపిల్లల పేపర్ కదా. కానీ అదే లిస్టులో పుట్టినరోజు వేడుకలున్నాయి, హాలోవీన్ ఉంది, విడాకులున్నాయి, పేదరికం ఉంది, ఉద్యోగం పోవడం ఉంది, ఎలుకలూ బొద్దింకలూ ఉన్నాయి, ర్యాప్ మ్యూజిక్ ఉంది, జంక్ ఫుడ్ ఉంది, స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు ఉంది, ఆఖరికి ఇంట్లో కంప్యూటర్ ఉండటం కూడా ఉంది, అదే కంప్యూటర్ స్కూల్లోనో లైబ్రరీలోనో ఉంటే మాత్రం పర్లేదు.

న్యూయార్క్ పోస్ట్ పత్రిక ఈ సంగతి బయటపెట్టాక దేశమంతా పాకిపోయింది. అందరూ ఎక్కువగా పట్టుకుంది ఆ లిస్టులోనే ఉన్న డైనోసార్ని. డైనోసార్ అంటే జీవ పరిణామం గుర్తొస్తుంది, పరిణామ సిద్ధాంతం అంటే కొన్ని మతస్తుల కుటుంబాలకి నచ్చదు, కాబట్టి డైనోసార్ వద్దు, ఇదీ పత్రికలు రాసిన కారణం. పుట్టినరోజు ఎందుకొద్దంటే యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్లు పుట్టినరోజులు చేసుకోరు. హాలోవీన్ ఎందుకొద్దంటే అది క్రైస్తవం కాని పాత నమ్మకాల పండగ అని కొందరి అభ్యంతరం. స్విమ్మింగ్ పూల్ సంగతి చెప్పక్కర్లేదు, లేనివాళ్లకి మనసు చిన్నబోతుందని. అప్పటి స్కూల్స్ చాన్సలర్ డెనిస్ వాల్కాట్ మొదట్లో దీన్ని సమర్థించుకున్నాడు, టెస్టులు తయారు చేసే కంపెనీలు ఎప్పట్నుంచో ఇలాంటి లిస్టులు వాడుతున్నాయి, మేం కొత్తగా పెట్టిందేం కాదు అని. గొడవ ఆగలేదు, కొద్దిరోజుల్లోనే లిస్టు వెనక్కి తీసుకున్నారు.

జనం నవ్వుకుని వదిలేశారు గానీ దీంట్లో ఆలోచించాల్సింది చాలా ఉంది, ఎందుకంటే వాల్కాట్ చెప్పిన మాట అబద్ధం కాదు. అమెరికాలో టెస్టు తయారు చేసే ప్రతి పెద్ద సంస్థకీ ఇలాంటి రూల్స్ ఉన్నాయి, ఏదో రూపంలో ఇప్పటికీ ఉన్నాయి. వాటి వెనక ఒక న్యాయమైన కారణం కూడా ఉంది, ముందు దాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి.

క్లాసులో టీచర్ ఒక కథ చెప్తుంటే అందులో తల్లి క్యాన్సర్‌తో చనిపోయిందని వచ్చిందనుకోండి, ఆ క్లాసులో ఈ మధ్యే అమ్మని పోగొట్టుకున్న పాప ఉంటే టీచర్ చూస్తుంది, పక్కకి తీసుకెళ్తుంది, కాసేపు బయట కూర్చోబెడుతుంది, లేదా ఆ పాఠమే వేరే రోజుకి మార్చుకుంటుంది. పరీక్ష హాల్లో అదేం కుదరదు. పేపర్ ఇచ్చేశారు, టైమ్ నడుస్తోంది, పక్కవాళ్లతో మాట్లాడకూడదు, ఇన్విజిలేటర్‌కి ఆ పాప ఎవరో కూడా తెలీదు. పాప ఆ పాసేజ్ దగ్గర ఆగిపోతుంది, నాలుగు ప్రశ్నలు పోతాయి, ఆ నాలుగు మార్కులు పోయింది చదవడం రాక కాదు. టెస్టు కొలవాల్సింది చదవడం వచ్చా రాదా అన్నది, అది కొలిచింది ఇంకేదో. పిల్లాడి తెలివితో సంబంధం లేని విషయం మార్కుల్ని మార్చేస్తే ఆ టెస్టు తప్పు కొలిచినట్టే, టెస్టులు తయారు చేసేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడేది దీని గురించే, ఆ జాగ్రత్త అవసరం కూడా.

రెండోది ముందస్తు పరిచయం సంగతి. న్యూయార్క్ లిస్టులో ఒకటుంది, ముందే తెలిసుంటే తప్ప అర్థం కాని ఆటల వివరాలు వద్దు అని. ఇది నూటికి నూరుపాళ్లు సరైన మాట, దీనికి గట్టి రుజువు కూడా ఉంది. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఏడు, ఎనిమిది క్లాసుల పిల్లలు 64 మందికి బేస్‌బాల్ ఆట గురించి ఒక పాసేజ్ ఇచ్చి ఎంత అర్థమైందో చూశారు. చదవడంలో వెనకబడ్డ పిల్లలే అయినా బేస్‌బాల్ బాగా తెలిసినవాళ్లకి, బాగా చదవగలిగి బేస్‌బాల్ తెలీని పిల్లలకన్నా ఎక్కువ అర్థమైంది. అంటే చదివే సామర్థ్యం అని మనం పేరు పెట్టి మార్కులు వేసేదాంట్లో చాలా భాగం ఆ విషయం ముందే తెలిసుండటమే. హైదరాబాద్ నుంచి ఈ మధ్యే డాలస్ పక్కనో న్యూజెర్సీలోనో దిగిన కుటుంబంలో ఆరో క్లాసు పిల్లాణ్ని తీసుకోండి, ఇంగ్లీషు గడగడా చదువుతాడు, క్రికెట్లో ఎల్బీడబ్ల్యూ ఎందుకిచ్చారో అరగంట వాదించగలడు, కానీ తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగంలో బంట్ కొట్టాడు అంటే ఏం అర్థమవుతుంది? ఆ పిల్లాడికి ఆ పాసేజ్‌లో తక్కువ వస్తే ఇంగ్లీషు వీక్ అని రాసేస్తారు, అమ్మానాన్నలు కంగారుపడి ట్యూషన్ పెట్టిస్తారు. ఇలాంటి అన్యాయాన్ని ఆపడానికి రూల్ ఉండాల్సిందే.

మరి ఎక్కడ దారి తప్పింది? లిస్టులో మూడు వేరు వేరు విషయాల్ని కలిపేశారు. పిల్లాడికి పరీక్ష హాల్లో బాధ కలిగించేవి ఒకటి, కొంతమందికే తెలిసి మిగతావాళ్లకి తెలీనివి ఒకటి, ఎవరో ఒకరు ఫోన్ చేసి కంప్లైంట్ ఇస్తారేమో అనేవి ఒకటి. మొదటి రెండూ పిల్లల కోసం, మూడోది ఆఫీసు కోసం, కంపెనీ కోసం. డైనోసార్ ఈ మూడోదాంట్లోకే వస్తుంది, డైనోసార్ బొమ్మ చూసి ఏ పిల్లాడూ పరీక్ష మధ్యలో ఏడవడు, డైనోసార్లు తెలీని పిల్లాడూ ఉండడు, అభ్యంతరం చెప్పేది పెద్దవాళ్లు. కంపెనీ లెక్కలో చూస్తే ఇది సహజమే, ఒకే పాసేజ్‌ని అన్ని రాష్ట్రాలకీ అమ్ముకోవాలి, ఒక్కచోట గొడవైతే ఆ ప్రశ్న తయారీకి పెట్టిన ఖర్చంతా పోతుంది, కాబట్టి ఎక్కడ ఎవరు అభ్యంతరం చెప్పినా ఆ విషయం లిస్టులోకి చేరుతుంది, ఒకసారి చేరిందంటే తీసేసేవాళ్లుండరు ఎందుకంటే తీసేస్తే ఎవరికీ లాభం లేదు. అలా ఏళ్ల తరబడి పెరుగుతూ పోతుంది.

ఇది ఎంతదాకా వెళ్లిందో విద్యా చరిత్రకారిణి డయాన్ రావిచ్ బయటపెట్టింది. 1997లో అధ్యక్షుడు క్లింటన్ దేశం మొత్తానికి ఒక స్వచ్ఛంద పరీక్ష పెడదామన్నాడు, ఆ పరీక్ష పనులు చూసిన బోర్డులో ఆమె సభ్యురాలు. నాలుగో క్లాసు పిల్లల కోసం ఎంచిన పాసేజీల్ని ఒక రివ్యూ ప్యానెల్ తిరగ్గొడుతుంటే ఆమె కారణాలు చూసి నిర్ఘాంతపోయింది. చూపు లేని ఒకాయన మంచు తుఫానులో పెద్ద పర్వతం ఎక్కిన నిజ కథ వద్దన్నారు, ఎందుకంటే కొండలు లేని ప్రాంతాల పిల్లలకి అన్యాయమట, పైగా చూపు లేకపోవడం ఒక అడ్డంకి అన్నట్టు చూపిస్తోందట. గుడ్లగూబల గురించిన పాసేజ్ వద్దన్నారు, నవాహో తెగవాళ్లు గుడ్లగూబని చావుకి సూచనగా చూస్తారని. వేరుశెనగ మంచి ఆహారం అన్న పాసేజ్ వద్దన్నారు, కొంతమంది పిల్లలకి వేరుశెనగ పడదని. మన దగ్గరా గుడ్లగూబ ఇంటి మీద వాలితే కీడని నమ్మే ఊళ్లున్నాయి, అయినా ఆ ఊరి పిల్లలు గుడ్లగూబ రాత్రిపూట ఎలా వేటాడుతుందో పుస్తకంలో ఆసక్తిగానే చదువుతారు. చూపు లేని పర్వతారోహకుడి కథనైతే వికలాంగుల గౌరవం పేరుతోనే తీసేశారు, చూపు లేని పిల్లలు తమలాంటి మనిషి గెలిచిన కథ చదివే అవకాశం దాంతో పోయింది. మంచి ఉద్దేశంతో మొదలుపెట్టి సరిగ్గా దానికి ఎదురు ఫలితం తెచ్చుకోవడం అంటే ఇదే.

పేదరికం, ఇల్లు లేకపోవడం, విడాకులు, ఉద్యోగం పోవడం, వీటి విషయంలో కూడా ఇదే జరిగింది. న్యూయార్క్ సిటీ స్కూళ్లలో అప్పట్లో దాదాపు 11 లక్షల మంది చదివేవాళ్లు. ఆ పిల్లల్లో సొంత ఇల్లు లేక షెల్టర్లలోనో బంధువుల ఇళ్లల్లోనో సర్దుకుంటున్నవాళ్లు ఇటీవలి ఏళ్లలో లక్ష దాటారు. వాళ్ల జీవితమంతా ఆ లిస్టులో ఉంది. పేపర్లో కనిపించే పిల్లలందరికీ అమ్మా నాన్నా కలిసే ఉంటారు, ఎవరి ఉద్యోగమూ పోదు, అలాగని ఎవరికీ స్విమ్మింగ్ పూలూ ఉండదు, అందరూ పార్కుకి వెళ్తారు, తోటలో మొక్కలు నాటుతారు. ఇందులో బాధపెట్టేది ఏమీ లేదు నిజమే, కానీ మనసుని పట్టుకునేది కూడా ఏమీ లేదు. చదవడమంటే ఇష్టంలేని పిల్లాడు, మార్కుల కోసం తప్ప చదవని పిల్లాడు, ఇలాంటి పాసేజ్ మూడు లైన్లకే వదిలేస్తాడు, చివరిదాకా ఓపిగ్గా చదివేది ఇంట్లో పుస్తకాలుండి చదవడం అలవాటైన పిల్లలే. ఎవరిని కాపాడదామనుకున్నారో వాళ్లకే ఎక్కువ నష్టం అని అనిపించేది ఇక్కడే.

ఇంతకన్నా ఘోరం 2002లో అదే న్యూయార్క్ రాష్ట్రంలో జరిగింది. హైస్కూల్ పాసవ్వాలంటే రీజెంట్స్ అనే రాష్ట్ర పరీక్ష రాయాలి, ఇంగ్లీషు పేపర్లో పేరున్న రచయితల భాగాలిచ్చి వాటి మీద ప్రశ్నలడుగుతారు. బ్రూక్లిన్‌లో ఒక తల్లి పాత పేపర్లు ముందేసుకుని అసలు పుస్తకాలతో పక్కపక్కన పెట్టి చూసింది. తీరా చూస్తే చాలా భాగాల్లో మాటలు మార్చేశారు, తీసేశారు, తీసేసినట్టు చుక్కలు కూడా పెట్టలేదు. ఐజాక్ బషేవిస్ సింగర్ పోలండ్‌లో యూదుల ఇంట్లో పెరిగిన జ్ఞాపకాల్లోంచి యూదుల ప్రస్తావనలు తీసేశారు. ఆనీ డిలార్డ్ చిన్నప్పుడు నల్లవాళ్లుండే పేటలో లైబ్రరీకి వెళ్లిన జ్ఞాపకాల్లోంచి జాతి ప్రస్తావన మొత్తం పోయింది, ఆ రచనలో అసలు విషయమే అది. ఎర్నెస్టో గలార్జా మెక్సికో నుంచి వచ్చి కాలిఫోర్నియా బడిలో చేరిన రోజుల గురించి రాస్తూ ఒక పిల్లాడు బక్కోడు, ఇంకోడు లావు అని రాస్తే ఆ మాటల్ని మెత్తగా మార్చేశారు. ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్‌గా ఉన్న కోఫీ అన్నన్ ఒక ప్రసంగంలో కాలిఫోర్నియా వైన్‌నీ సముద్రపు చేపల వంటల్నీ మెచ్చుకుంటే, వైన్ పోయి చేపలు మిగిలాయి.

ఆ పేపర్లో పిల్లల్ని అడిగింది ఏంటి, రచయిత ఉద్దేశం ఏంటో విశ్లేషించండి అని. రచయిత రాయని వాక్యం ఇచ్చి రచయిత ఉద్దేశం అడగడం పిల్లాణ్ని మోసం చేయడమే, దీన్ని ఇంకే పేరుతోనూ పిలవలేం. ఆ పుస్తకం ముందే చదివున్న పిల్లాడికి మరీ ఇబ్బంది, గుర్తున్నది రాయాలా పేపర్లో ఉన్నది నమ్మాలా. రచయితలూ సెన్సార్‌షిప్ వ్యతిరేక సంఘాలూ గట్టిగా అడిగేసరికి అప్పటి విద్యా కమిషనర్ రిచర్డ్ మిల్స్ ఇకమీదట సాహిత్య భాగాల్ని ఇలా మార్చం అని ప్రకటించాడు.

లిస్టు ఎందుకు పనికిరాదో తెలియాలంటే మసాచుసెట్స్‌లో 2019లో జరిగింది కాస్త దగ్గర్నుంచి చూడాలి. పదో క్లాసు రాష్ట్ర పరీక్షలో కోల్సన్ వైట్‌హెడ్ రాసిన నవల్లోంచి ఒక భాగం ఇచ్చారు, బానిసత్వం నుంచి పారిపోయిన కోరా అనే నల్లమ్మాయి కథ అది. అందులో ఎథెల్ అనే తెల్లావిడ ఉంటుంది, భర్త ఆ అమ్మాయిని ఇంట్లో దాస్తే ఇష్టంలేకుండా ఒప్పుకున్న మనిషి, నల్లవాళ్ల మీద చిన్నచూపున్న మనిషి. పిల్లల్ని అడిగింది ఆ ఎథెల్ అయిపోయి డైరీ రాయమని. పదిహేనేళ్ల నల్లజాతి పిల్ల పరీక్ష హాల్లో కూర్చుని, తనలాంటి అమ్మాయి గురించి ఆ తెల్లావిడ మనసులో ఏమనుకుంటుందో తన చేత్తో రాయాలి, బాగా రాస్తేనే మార్కులు. పిల్లలు, టీచర్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి, రాష్ట్రం ఆ ప్రశ్నని లెక్కలోంచి తీసేసింది.

ఇక్కడ తప్పు బానిసత్వం అనే విషయంలో లేదు, ఆ నవల్లోనూ లేదు. అదే భాగం ఇచ్చి కోరా భయాన్ని రచయిత ఎలా చూపించాడు అనో, ఎథెల్ ప్రవర్తనలో రెండు మనసులు ఎక్కడెక్కడ కనిపిస్తున్నాయి అనో అడిగుంటే అది చాలా మంచి ప్రశ్న అయ్యేది. తప్పంతా పిల్లల చేత చేయించిన పనిలో ఉంది. న్యూయార్క్ లిస్టు ఉంటే బానిసత్వం అన్న ఒక్క మాట చూసి నవల మొత్తాన్ని పక్కన పెట్టేసేది, దాంతో గొడవా రాదు, పిల్లలకి ఆ నవలా అందదు. అదే ఒక నల్లజాతి టీచర్ ముందు ఆ ప్రశ్న పెట్టి, నీ స్టూడెంట్ దీన్ని ఎలా రాస్తుందో చెప్పు అని అడిగుంటే ప్రశ్న మారేది, నవల మిగిలేది.

మన దగ్గర జరిగిన కథ దీనికి తలకిందులు. 2021 డిసెంబర్‌లో సీబీఎస్ఈ పదో క్లాసు ఇంగ్లీషు పేపర్లో ఒక పాసేజ్ వచ్చింది. భార్యకి స్వేచ్ఛ రావడం వల్ల పిల్లల మీద తల్లిదండ్రుల అదుపు పోయిందని, భర్త మాటకి లోబడితేనే ఆమె మాట పిల్లలు వింటారని దాని సారాంశం. భార్య, భర్త, పిల్లలు, క్రమశిక్షణ, ఏ లిస్టులోనూ దొరకని మాటలు, అన్నీ శుభ్రమైనవే. అయినా పదో క్లాసు ఆడపిల్లకి, అది కూడా నిజమన్నట్టు రాసిన పాసేజ్ చదివి దానికి తగ్గ ఆన్సర్ టిక్ పెట్టాల్సొచ్చింది. సోనియా గాంధీ లోక్‌సభలో లేవనెత్తాక బోర్డు ఆ పాసేజ్ తీసేసి దాని మార్కులు అందరికీ కలిపేసింది. మరుసటేడాది తమిళనాడులో పెరియార్ యూనివర్సిటీ ఎంఏ హిస్టరీ పేపర్లో రాష్ట్రంలో తక్కువ కులం ఏది అని ఆప్షన్లిచ్చి అడిగారు, కులవ్యవస్థ మీద పోరాడిన పెరియార్ పేరు పెట్టుకున్న యూనివర్సిటీలోనే. కులం అన్న మాట నిషేధిస్తే ఇది ఆగుతుంది నిజమే, దాంతోపాటు అంబేడ్కర్ గురించీ, జ్యోతిబా ఫూలే గురించీ, గురజాడ గురించీ అడిగే ప్రశ్నలు కూడా ఆగిపోతాయి.

కాబట్టి మాటలు వెతికే పని కాదు, ప్రశ్న పిల్లాడి చేత ఏం చేయిస్తోందో చూసే పని కావాలి. దీనికి అమెరికాలో ఒక మంచి పద్ధతి ఉంది, లిస్టుల గోల్లో దాని గురించి ఎవరూ మాట్లాడరు. 1980ల్లో ఈటీఎస్ అనే టెస్టింగ్ సంస్థలో పనిచేసిన పాల్ హాలండ్, డొరొతీ థేయర్ అనే ఇద్దరు, మాంటెల్, హెంజెల్ అనేవాళ్లు 1959లో వైద్య పరిశోధన కోసం కనిపెట్టిన ఒక లెక్కని టెస్టు ప్రశ్నలకి వాడారు. విషయం తేలికే. మొత్తం పేపర్లో సమానంగా మార్కులొచ్చిన అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ తీసుకుంటారు, లేదా తెల్లవాళ్లనీ నల్లవాళ్లనీ తీసుకుంటారు, అందరి సామర్థ్యం దాదాపు ఒకటే అన్నమాట. ఇప్పుడు ఒక్కో ప్రశ్న దగ్గర చూస్తారు. సమానమైన సామర్థ్యం ఉన్నా ఒక్క ప్రశ్నలో మాత్రం ఒక వర్గం బాగా వెనకబడిందంటే, ఆ ప్రశ్నలో సబ్జెక్టుతో సంబంధం లేనిదేదో అడ్డుపడుతోందేమో అని అనుమానించి బయటకి తీసి మళ్లీ చూస్తారు. ఆశ్చర్యం ఏంటంటే ముందుగా చదివి ఈ ప్రశ్న ఫలానావాళ్లకి కష్టం అని నిపుణులు వేసిన అంచనా, లెక్కల్లో తేలింది చాలాసార్లు కలవవు. అభ్యంతరం అనిపించినవి పిల్లలు మామూలుగా రాసేస్తారు, ఎవరికీ తట్టనిది ఎక్కడో తేడా కొడుతుంది. కూర్చుని లిస్టు రాసేవాళ్లు ఈ సంగతి ముందు గుర్తుపెట్టుకోవాలి. అలాగని లెక్క అన్నిటికీ సరిపోదు, మార్కులు తగ్గకుండానే మనసు నొప్పించే ప్రశ్నలుంటాయి, ఎథెల్ డైరీ లాంటిదాన్ని పట్టుకోడానికి మనిషే కావాలి.

మన బోర్డు పరీక్షల్లో ఈ రెండోదే, అంటే మనిషి చదివి చూడటమే ఎక్కువ అవసరం, ఎందుకంటే పేపర్ లీకవుతుందన్న భయంతో ప్రశ్నల్ని ముందుగా పిల్లల మీద ట్రయల్ వేసే పద్ధతి లేదు. పేపర్ సెట్టర్, మోడరేటర్, ఆ కొద్దిమంది చూసిందే చూడటం. ఆ కొద్దిమందిలో ఎవరెవరున్నారన్నది అందుకే అంత ముఖ్యం. ఆ సీబీఎస్ఈ పాసేజ్ బయటకి రాకముందు దాన్ని పదో క్లాసుకి పాఠం చెప్పే టీచరమ్మలు ఇద్దరు చదివున్నా అక్కడే ఆగిపోయేది.

ఇంకో సంగతి, వీటిలో చాలా తప్పులు బయటపడింది ఎలా అన్నది. రీజెంట్స్ పాత పేపర్లు అందరికీ దొరుకుతాయి కాబట్టి ఆ బ్రూక్లిన్ తల్లి పుస్తకాలతో పోల్చి చూడగలిగింది. సీబీఎస్ఈ క్వశ్చన్ పేపర్ పిల్లలు ఇంటికి తెచ్చుకోవచ్చు కాబట్టి రెండ్రోజుల్లో అది పార్లమెంటుకి చేరింది. మసాచుసెట్స్‌లో మాత్రం టెస్టు రహస్యం, పిల్లలు పేపర్లో ఏముందో బయట మాట్లాడకూడదు, అలాంటి రూల్ ఉన్నా ఆ పిల్లలు తమ టీచర్లకి చెప్పుకోబట్టి సంగతి తెలిసింది. పరీక్ష అయిపోయాక కూడా పేపర్ని దాచిపెట్టే ప్రైవేట్ టెస్టులు ఇప్పుడు మన దగ్గర కూడా పెరుగుతున్నాయి, ఒలింపియాడ్‌లని, స్కాలర్‌షిప్ టెస్టులని, ఆన్‌లైన్‌లో స్క్రీన్ మీద రాయించి మార్కు ఒక్కటే పంపిస్తారు. అందులో మన పిల్లల్ని ఏం అడిగారో, ఎవరి గురించి ఏం రాయించారో అడిగి తెలుసుకునే హక్కు తల్లిదండ్రులకి ఉండాలి, వాడేసిన ప్రశ్నలు బయటపెట్టమని స్కూళ్లని అడగడం ఈ ఏడాది పేరెంట్స్ మీటింగ్ నుంచే మొదలుపెట్టొచ్చు.